వేలానికి ముందే చీర పెట్టబోయాను

కొత్తగా కర్రీ పాయింట్ పెట్టుకుంటామని నా దగ్గరికి వచ్చే ఆడపిల్లలు ముందు అడిగేవి వంట సంగతులే. గుత్తివంకాయ పొట్లంలో చెదరకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి, పప్పుచారు సాయంత్రం దాకా విరగకుండా ఎలా కాయాలి, ఇలాంటివి. నాకు తెలిసింది చెబుతాను. లేచి వెళ్ళేటప్పుడు ఎవరో ఒకరు పైకి చూసి, ఈ బిల్డింగు మీ సొంతమేనా అమ్మా అంటారు. సొంతమే, వేలంలో కొన్నాం అంటాను. అయితే చవగ్గా కొట్టేశారన్నమాట అని నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. చవగ్గా కొట్టెయ్యలేదమ్మా. కొనేలోపు నా తెలివితక్కువ వల్ల ముగ్గురు ఆడవాళ్ళం రోడ్డున పడాల్సింది. వంట ఎవరైనా నేర్పుతారు గనక నేను ఇది చెబుతాను.

ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్న రోజులవి. ఏ.ఎస్. రావు నగర్‌లో ఏ మేడ మీద చూసినా నలుగురైదుగురు కుర్రాళ్ళు ఒక గది తీసుకుని ఉండేవారు. కొన్ని ఇళ్ళల్లో ఆడపిల్లలూ అంతే. గదిలో రైస్ కుక్కరు ఉండేది, కూర వండే ఓపిక ఉండేది కాదు. సాయంత్రం బస్సు దిగడం, మా దగ్గర ఒక పప్పు, ఒక వేపుడు, ఒక పెరుగు పొట్లం కట్టించుకోవడం, నడుచుకుంటూ పోవడం. నేను చదివింది నాలుగో తరగతి. ఆ పిల్లల జీతాలు ఎంతో నాకు తెలీదు గానీ, వాళ్ళలో ఎవరికి కాకరకాయ పడదో, ఎవరు నెలాఖరుకి ఉత్త చారుతో సరిపెట్టుకుంటారో అన్నీ తెలుసు.

కొట్టు మా ముగ్గురిది. నేను, మా ఆడపడుచు, బన్సీలాల్‌పేట అక్క. మాది విజయనగరం వైపు. మా ఆయన ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరితే ఆయన వెనక వచ్చాను. మా ఆడపడుచు ఆయనకి చెల్లెలు, ఇంటరు దాకా చదివింది, మొగుడు పోయాక మా దగ్గరికే వచ్చేసింది. లెక్కలూ, కాగితాలూ, జనంతో గొడవలూ ఆవిడ చూసుకునేది. అక్క మాకు చుట్టం కాదు. చపాతీలు వత్తడానికి పనికి వచ్చి, ఏడాది తిరిగేసరికి తన చిట్టీ డబ్బులు కూడా పెట్టి వాటాదారు అయింది. నాకన్నా పెద్దది. నన్ను చెల్లె అనేది, మా ఆడపడుచుని మాత్రం మేడమ్ అనేది, ఎక్కిరింపుగానే.

మేం అద్దెకున్న కొట్టు యజమాని ఒకరోజు వచ్చి, మొత్తం పడగొట్టి కాంప్లెక్సు కడుతున్నానని, దసరాలోపు ఖాళీ చెయ్యమని చెప్పాడు. చుట్టుపక్కల అడిగాం. అద్దె సంగతి అటుంచి, వాళ్ళడిగే అడ్వాన్సే మా వల్ల కాదు. పైగా పొయ్యి పెడతామంటే ఎవరూ ఇవ్వరు. గోడలు మసిబారతాయంటారు. దూరంగా పోదామంటే మా గిరాకీ అంతా నడిచొచ్చే పిల్లలు. కొట్టు కదిలితే వాళ్ళు కదలరు.

అలా తిరుగుతున్నప్పుడే లోపలి వీధిలో ఒక చిన్న బిల్డింగు కనపడింది. కింద రెండు షట్టర్లు, పైన ఒక హాలు. కొన్నేళ్ళుగా మూసి ఉంది. ఒకప్పుడు పైన కంప్యూటర్ నేర్పేవారట. ఆ బోర్డు అక్షరాలు ఇంకా సగం ఉన్నాయి. షట్టరుకి బ్యాంకు వాళ్ళు కాగితం అంటించారు. మా ఆడపడుచు నిలబడి మొత్తం చదివి, అప్పు కట్టలేదని బ్యాంకు స్వాధీనం చేసుకుంది, వేలం వేస్తోంది, ఉన్నది ఉన్నట్టుగా కొనుక్కోవాలి, ముందు ధరావతు కట్టి కవర్లో మన ధర రాసి ఇవ్వాలి అని చెప్పింది. నేను బిల్డింగు చుట్టూ తిరిగాను. వెనక ఖాళీ ఉంది, పొగ ఎవరి కిటికీలోకీ పోదు. కుళాయి ఉంది. మురుగు కాలవ దగ్గరే ఉంది. నాకు కావలసినవన్నీ కనిపించాయి.

ధరావతు ఎలా కూడిందో చెప్పను, ఆడవాళ్ళు ఎలా కూడబెడతారో మీకూ తెలుసు. మా ఆడపడుచు చేతికి మిగిలినవి రెండు గాజులు. అవీ అందులోకే పోయాయి. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి, తరవాత ఆవిడ నాతో ఎందుకు మాట్లాడలేదో తెలియాలంటే.

అంతా అయ్యాక మా ఆయన ఒక మాట అన్నాడు. ఆయన నెలకి ఒకసారి నోరు విప్పుతాడు, అది కూడా మనకి నిద్ర పట్టకుండా చెయ్యడానికే.

"ఒకళ్ళు ఏడుస్తూ వదులుకున్న చోట పొయ్యి ఎలిగిస్తే మంచిదేనంటావా?"

మా వైపు ఒక పద్ధతి ఉంది. గజం స్థలం కొన్నా సరే, అమ్మినవాళ్ళింటి ఆడమనిషికి పసుపు కుంకుమ ఇచ్చి చీర పెడతాం. ఆవిడ అది తీసుకుంటే మనస్ఫూర్తిగా ఇచ్చినట్టు. అప్పటిదాకా ఆ మట్టి మీద అధికారం ఆవిడదే. కాగితాలు ఎన్నున్నా ఆ చీర పెట్టనిదే మా అత్తగారు కొన్న దొడ్లో బెండ మొక్క నాటలేదు. ఇక్కడ అమ్మేది బ్యాంకు. మరి చీర ఎవరికి పెట్టాలి?

మా ఆడపడుచుని అడిగితే, "బ్యాంకు మేనేజరు పెళ్ళానికి పెట్టు" అంది. ఆ తరవాత నవ్వు ఆపేసి, "వదినా, నువ్వు ఆళ్ళింటికి ఎళ్ళకు. పాట అయ్యేదాకా మనమెవరో ఆళ్ళకి తెలియక్కర్లేదు" అని గట్టిగానే చెప్పింది.

సరే అన్నాను. అని, ఆవిడకి తెలియకుండా వెళ్ళాను. ఆ బిల్డింగు వాళ్ళు అన్నీ పోగొట్టుకుని బన్సీలాల్‌పేటలో అక్క వాళ్ళ వీధికి రెండు వీధుల అవతల అద్దెకుంటున్నారని అక్క ద్వారా తెలిసింది. అక్కని తోడు తీసుకుని, మంచి రంగు చూసి చీర కొని, పళ్ళూ తాంబూలమూ పెట్టుకుని, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా ఆ గుమ్మం ముందు నిలబడ్డాను.

తలుపు తీసింది ఆవిడే. బిల్డింగు ఆవిడ పేరు మీదే ఉంది. గుంటూరు వైపు వ్యాపారస్తుల కుటుంబం. భర్త లోపల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కంప్యూటర్ కోర్సులకి ఒక ఏడాది జనం విరగబడ్డారు, మరుసటి ఏడాది ఒక్కరూ రాలేదు, ఆయన అప్పటినుంచీ అలాగే ఉన్నాడని అక్క దారిలో చెప్పింది. ఆవిడ చీరలకి ఫాల్స్ కుట్టి ఇల్లు నడుపుతోంది. ఆ చేతుల్లో నేను చీర పెట్టబోయాను. ఎందుకొచ్చానో విన్నాక ఆవిడ చెయ్యి చాచలేదు.

"ఆ బిల్డింగు ఇంకా నాదేనండీ. అప్పుడే చీర పెట్టి సాగనంపుదామని వచ్చారా?"

దీవెన కోసం వెళ్ళాననుకున్నాను. పోయిందో లేదో తెలియని మనిషి ఇంటికి ముందే దినం భోజనానికి వెళ్ళినట్టయింది. ఆవిడ అరవలేదు. మంచినీళ్ళు మాత్రం ఇచ్చింది. తాగి, చీర పట్టుకుని వచ్చేశాను. వీధి చివర అక్క, "చెల్లె, మనల్ని ఒకడు చూసిండు" అంది. నేను పట్టించుకోలేదు.

చూసినవాడు వేలాల బ్రోకరు. పాటకి ముందు రోజు అతనే మా కొట్టుకి వచ్చాడు. తెల్ల సఫారీ వేసుకుని, దొండకాయ వేపుడు కట్టించుకుని, తాపీగా చెప్పాడు. ఇలాంటి ఖాళీ బిల్డింగులు అతనూ, అతని మనుషులూ కలిసి కనీస ధర మీద కొంచెం వేసి పాడుకుంటారట. బయటివాళ్ళు అడ్డం రాకుండా ఉంటే వాళ్ళకీ ఎంతో కొంత ముట్టజెబుతారట. మా ఆడపడుచు అతని చిల్లర అతని చేతిలో పెట్టి, మా కొట్లో కూరలకి తప్ప దేనికీ బేరం ఉండదని చెప్పి పంపింది. అతను కోపం తెచ్చుకోలేదు. నా వైపు చూసి, రేపు కలుద్దాం అమ్మా అన్నాడు. ఆ చూపు అప్పుడే అర్థమై ఉండాల్సింది.

బ్యాంకు ఆఫీసు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర, మెట్లెక్కి పైకి వెళ్ళాలి. గదిలో కుర్చీలు, ఒక బల్ల, బల్ల వెనక కుర్ర ఆఫీసరు. ఇటు మేం ముగ్గురం. అటు బ్రోకరూ అతని మనుషులూ, నలుగురు వేరు వేరు కవర్లు ఇచ్చారు గానీ ఒకే పాన్ డబ్బాలోంచి వక్కపొడి తీసుకుంటున్నారు. ఆఫీసరు కవర్లు విప్పి ధరలు చదివాడు. మాదే ఎక్కువ. ఇప్పుడు నోటి పాట మొదలుపెడతామని అతను అనబోతుంటే బ్రోకరు లేచాడు.

"సార్, జెర ఒక్క మాట. ఈ అమ్మ మొన్న పార్టీ ఇంటికి చీర తీస్కొని పోయింది. నా కండ్లతోని చూసిన. అప్పు ఎగ్గొట్టినోళ్ళ మనిషే సార్ ఈమె, బినామీ. కాకుంటే చీర ఎందుకు పెడ్తది? మీరే చెప్పుండ్రి."

అప్పు ఎగ్గొట్టినవాళ్ళే వెనకనుంచి ఇంకొకరి చేత తక్కువకి కొనిపించుకోవడం ఆ రోజుల్లో బ్యాంకులకి పెద్ద తలనొప్పి అని నాకు ఆ రోజే తెలిసింది. ఆఫీసరు నన్ను చూసి, "నిజమేనా అమ్మా?" అన్నాడు. మా ఆడపడుచు మోకాలు నా మోకాలికి గట్టిగా తగిలింది. కాదని చెప్పమని. నేను ఆవిడకి అబద్ధం చెప్పి వెళ్ళినదాన్ని, ఇప్పుడు ఇంకొకటి చెప్పలేకపోయాను.

"వెళ్ళాను బాబూ. మా పద్ధతి అది."

ఆఫీసరు మంచివాడే. పద్ధతి సంగతి ఓపిగ్గా విన్నాడు. విని, తన ఇబ్బంది తను చెప్పాడు. ఫిర్యాదు వచ్చింది గనక ఊరుకోలేడు. భోజనాల వేళ దాకా పాట ఆపుతాడు. ఆలోపు బిల్డింగు తాలూకు ఆవిడ స్వయంగా వచ్చి, మాకూ తనకూ సంబంధం లేదని చెప్పి సంతకం పెడితే సరి. లేకపోతే మా టెండరు పక్కన పెట్టేస్తాడు. ధరావతు పైవాళ్ళు విచారణ చేసేదాకా తిరిగి రాదు.

అంటే కొట్టూ పోతుంది, గాజులూ పోతాయి.

అక్క కొంగు నడుముకి చెక్కుకుని లేచింది. "చెల్లె, పరేషాన్ గాకు. నేను పోయి తోల్కస్త. ఆమె వచ్చినా రాకున్నా నేనైతే వాపస్ వస్త" అని ఆటో కోసం మెట్లు దిగింది.

మేమిద్దరం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. మా ఆడపడుచు అరిచే మనిషి. గ్యాసు వాడిని అరుస్తుంది, పాలవాడిని అరుస్తుంది, ఆవిడ అరుపుకి నాకు ఎప్పుడూ భయం లేదు. ఆ రోజు అరవలేదు. కింద రోడ్డు మీద బస్సులు చూస్తూ కూర్చుంది. నేనే ఆగలేక, ఆవిడ వస్తుందంటావా అమ్మీ అన్నాను. నా వైపు తిరక్కుండానే చెప్పింది.

"ఎందుకొస్తాది? పాట ఆగిపోతే ఆవిడికి ఇంకో ఆర్నెల్లు దొరుకుతాది. నేనైతే రాను."

నిజమే కదా. నేను అంతవరకూ ఆలోచించలేదు. ఆవిడకి మేలు జరగాలంటే నాకు కీడు జరగాలి. అలాంటి మనిషిని సాక్ష్యానికి రమ్మని కబురు పంపాం. బ్రోకరు మనుషులు కింద బండి దగ్గర ఇడ్లీలు తిని పైకి వచ్చారు. ఒకడు మమ్మల్ని దాటుతూ, పాపం అన్నాడు. వేళాకోళానికి అన్నాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆఫీసరు తలుపు దగ్గరికి వచ్చి గడియారం చూసుకుని లోపలికి వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. ఇక మొదలుపెట్టక తప్పదమ్మా అని అతను అంటుండగా మెట్ల మీద అక్క గొంతు వినిపించింది, జెర పైలం, మెట్టు ఇరిగింది అని ఎవరికో చెబుతూ. ఆవిడ వచ్చింది. కుడుతున్న పని మధ్యలోనే లేచి వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళకి రంగురంగుల దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. నా వైపు చూడకుండా తిన్నగా లోపలికి వెళ్ళి ఆఫీసరు ముందు నిలబడింది.

అతను అడిగాడు, ఈవిడ మీకేమవుతారు అని.

"ఏమీ అవదండీ. నా గుమ్మంలోకొచ్చి, నా బిల్డింగు కొనుక్కుంటున్నాను దీవించమని అడిగింది. నా మనిషే అయితే ఈవిడ మీద నాకింత కోపం ఎందుకుంటుంది?"

అంతకన్నా గట్టి సాక్ష్యం ఏ కోర్టులోనూ ఎవరూ చెప్పి ఉండరు. బ్రోకరు తన కుర్చీలో కూర్చున్నాడు. ఆ కోపం చూస్తే పసిపిల్లలకైనా తెలుస్తుంది, మేం చుట్టాలం కామని. ఆవిడ సంతకం పెట్టింది. పెట్టి, చూడొచ్చా అని అడిగింది. కూర్చోండి అన్నాడు ఆఫీసరు. మా వెనక వరసలో, చివరి కుర్చీలో కూర్చుంది.

పాట మొదలైంది. బ్రోకరు మామీద పెంచాడు. నేను చెయ్యెత్తాను. అతను మళ్ళీ పెంచాడు. నేను మళ్ళీ ఎత్తాను. మేం ముగ్గురం ముందే ఒక హద్దు అనుకున్నాం, అది దాటితే చెయ్యి లేవకూడదని. హద్దు దగ్గరపడుతోంది. వెనక్కి తిరిగి చూడాలంటే భయం. అక్కడ కూర్చున్న మనిషికి మేం పెంచే ప్రతి రూపాయీ అప్పులోంచి తీరుతుంది. మేం పెంచకపోతే బిల్డింగూ పోతుంది, అప్పూ మిగులుతుంది. అందుకే వచ్చిందో, నిజం చెప్పాలని వచ్చిందో నాకు తెలీదు. రెండూ ఉండొచ్చు. మనుషులు ఒక్క కారణంతో మెట్లెక్కరు.

మా హద్దు వచ్చేసింది. అది నేను పాడాను. బ్రోకరు ఒక్క నిమిషం గడ్డం గోక్కుని, దానిమీద ఇంకొంచెం వేశాడు. ఆఫీసరు ఒకటోసారి అన్నాడు. నేను చెయ్యి ఒళ్ళో పెట్టేసుకున్నాను. అయిపోయింది అనుకున్నాను. రెండోసారి అన్నాడు.

నా పక్కనుంచి ఒక చెయ్యి లేచింది. గాజుల్లేని చెయ్యి. మా ఆడపడుచు నన్ను అడగలేదు, నా వైపు చూడలేదు, బల్ల వెనక గోడ గడియారాన్ని చూస్తూ ధర చెప్పింది. అక్క పెదవులు కదిలాయి, ఏ దేవుణ్ణి పిలిచిందో. బ్రోకరు తన మనుషుల వైపు చూశాడు. వాళ్ళకి కావలసింది చవక బిల్డింగు, అది అప్పటికి చవక కాదు. "తీస్కోండ్రి అమ్మా" అని కుర్చీలో వెనక్కి వాలాడు. మూడోసారి కూడా అయిపోయింది.

హద్దు ఎందుకు దాటావని తరవాత ఎప్పుడో అడిగాను. "నిన్ను తిట్టడానికి మనకంటూ ఒక చోటుండాల కదా వదినా. రోడ్డు మీద తిడితే ఏం బాగుంటాది" అంది. అప్పటినుంచీ ఈ కొట్లో ఆ పని లోటు లేకుండా చేస్తూనే ఉంది.

ఆ సాయంత్రం సంతకాలు అయ్యేసరికి వెనక కుర్చీ ఖాళీగా ఉంది. పరుగున మెట్ల దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కింది మెట్టు మీద ఉంది. ఏం చెబుదామని వెళ్ళానో గుర్తులేదు, ఏం చెప్పినా తప్పే అయ్యేది. నా అడుగుల చప్పుడుకి ఆవిడే ఆగి తల ఎత్తింది. కోపం ఏమీ తగ్గలేదు.

"పై హాల్లో వీధి వైపు కిటికీ తెరవకండి. చట్రం పుచ్చిపోయింది. బాగు చేయిద్దామనుకుంటూనే చేయించలేకపోయాం."

అని, చీర దులుపుకుని జనంలో కలిసిపోయింది.

మిగతా డబ్బు కట్టి తాళాలు చేతికి వచ్చిన రోజు, అందరూ పాలు పొంగిద్దామంటుంటే ఆగండని చెప్పి, ముందు వడ్రంగిని పైకి పంపాను. అతను కిటికీని బయటి నుంచి తాడుతో కట్టి లోపలికి లాగాడు. చట్రం మొత్తం ఊడి చేతికొచ్చింది, ఒక్క మేకు మీద నిలబడి ఉందట ఇన్నాళ్ళూ. నేను కింద నిలబడి పైకి చూశాను. సరిగ్గా దాని కిందే, సాయంత్రం పిల్లలు వచ్చి వరసలో నిలబడాలని మేం సున్నంతో గీత గీసి ఉంచాం.